పాత కంప్యూటర్‌లో 480 జీబీ ఎస్ఎస్‌డీ: ఐదుకి నాలుగు

ఆన్ చేసి డెస్క్‌టాప్ కనబడేసరికి నాలుగు నిమిషాలు. వైరస్ అన్నారొకరు, ర్యామ్ చాలదన్నారు ఇంకొకరు. రెండో మాట నమ్మి 4 జీబీని 8 చేశాను. ఒరిగిందేమీ లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడాలన్న బుద్ధి అప్పుడు గానీ పుట్టలేదు! సీపీయూ 12 శాతం, మెమరీ సగం. డిస్క్ మాత్రం 100 దగ్గర మేకు కొట్టినట్టు కదలదు. తీరా చదువుతున్నది సెకనుకు 2 ఎంబీ కూడా లేదు. నిమిషానికి 5400 చుట్లు తిరిగే (5400 ఆర్‌పీఎం) హార్డ్ డిస్క్ పాపం, చిన్న చిన్న ఫైళ్ల కోసం పళ్లెం మీద ముల్లును అటూ ఇటూ తిప్పడంతోనే అలిసిపోతోంది.

దాని స్థానంలో ఈ ఎస్ఎస్‌డీ పెట్టాను, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్; హార్డ్ డిస్క్‌కి వాడే సాటా కేబుల్‌కే తగులుతుంది. పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా కొత్తదానిలోకి దించడానికి (క్లోనింగ్) రెండు గంటలు, బిగించడానికి పది నిమిషాలు. ఇప్పుడు 20 సెకన్లలో తెరుచుకుంటోంది.

విండోస్ 447 జీబీయే చూపిస్తే మోసపోయాననుకోకండి. కేబీ, ఎంబీ, జీబీ అని మెట్టు ఎక్కినప్పుడల్లా పెట్టెమీద వెయ్యితో లెక్క, విండోస్‌ది 1024తో. ఒక మార్కు కోసింది వేరే రెండు కారణాలకి. పెద్ద వీడియోలు కాపీ చేస్తుంటే కాసేపటికి క్యాష్ (డ్రైవ్‌లో వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండి వేగం సగానికి పైగా పడిపోతోంది. పైగా పెట్టెలో ఒక్క స్క్రూ అయినా లేదు, 2.5 అంగుళాల డ్రైవ్‌ను 3.5 అంగుళాల అరలో డబుల్ టేపుతో అంటించాను. లోపల తిరిగే భాగాలేవీ లేవు కాబట్టి నడిచిపోతోంది.