130/80 దగ్గరే బీపీ అనాలా, ఆగి చూడాలా?

2017 నవంబరులో అమెరికా హృద్రోగ సంఘాలు అధిక రక్తపోటు హద్దును 140/90 నుంచి 130/80కి దించడంతో, ఆ దేశపు వయోజనుల్లో బీపీ ఉన్నవారి వాటా సుమారు 32 శాతం నుంచి 46 శాతానికి పెరిగింది. అక్కడి కుటుంబ వైద్యుల అకాడమీ మాత్రం మరుసటి నెలలోనే ఈ మార్గదర్శకాలను ఆమోదించబోమని చెప్పింది.

కొత్త హద్దును పాటించే వైద్యుడికి, 134/82 ఉన్న మనిషితో ఉప్పు, బరువు, నడక గురించి ముందుగానే గట్టిగా మాట్లాడే వీలు దొరుకుతుంది. ఇదివరకే గుండెజబ్బు ఉన్నవారి విషయంలో ఈ తొందర సమంజసమే.

రెండో పద్ధతిలో వైద్యుడు జబ్బు పేరు పెట్టకముందే, రోగిని ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తున ఆనించి, ఒకటికి రెండుసార్లు కొలుస్తాడు. ఇంటి దగ్గర కొలిచిన అంకెలు తెమ్మంటాడు. వయసు, పొగతాగే అలవాటు, కొలెస్ట్రాల్, మధుమేహం అన్నీ కలిపి మొత్తం ముప్పును అంచనా వేస్తాడు. ఆసుపత్రి వాతావరణానికే బీపీ పెరిగేవారు ఇక్కడ వడగట్టబడతారు. ఇతర ముప్పులు లేని నలభై ఏళ్ల మనిషికి నాకు ఈ పద్ధతే సబబుగా తోస్తుంది, ఎందుకంటే ఒకసారి పడిన బీపీ ముద్ర (బీమా దరఖాస్తు నింపినవారికి దీని బరువు తెలుసు) అంత సులభంగా చెరగదు. పైగా, హద్దు దించిన ఆ మార్గదర్శకాలే అలాంటివారికి మాత్రలు కాక, మొదట జీవనశైలి మార్పులే సూచించాయి.