బొలెరో పికప్ డీజిల్ ఇంజన్: లోడు బండి నడిపేవాడి మాట

మహీంద్రా బొలెరో పికప్ తీసుకోవాలా, టాటా యోధానా, అశోక్ లేలాండ్ దోస్తా అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు, ఒకసారి రాసి పెట్టుకుంటే అందరికీ అదే పంపొచ్చు కదా అని రాస్తున్నా. సీట్లు, లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ గురించి ఇక్కడ ఏమీ ఉండదు. ఇంజన్ గురించే. నేను మదనపల్లె మండీల్లో టమోటా ఎత్తుకుని పుంగనూరు, పలమనేరు మీదుగా చెన్నై కోయంబేడుకు తిరిగేవాడిని, కాబట్టి నా లెక్కలన్నీ ఆ రోడ్డువే.

కాగితం మీద చూస్తే ఈ ఇంజన్ ఎవరికీ ఆనదు. 2523 సీసీ, నాలుగు సిలిండర్లు, టర్బో ఉంది, ఇంతా చేసి పవర్ 75 హెచ్‌పీ దగ్గరే. ఈ రోజుల్లో చిన్న పెట్రోల్ కారుకే అంతకన్నా ఎక్కువుంటుంది. కానీ లోడు బండికి చూడాల్సింది హెచ్‌పీ కాదు, టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఎంత, అది ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర దొరుకుతోంది అన్నది. దీనికి 200 ఎన్‌ఎం టార్క్ 1400 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది, 2200 దాకా అలాగే ఉంటుంది. అంటే క్రేట్లు నిండా పేర్చుకుని, మండీలో బురదలోంచి, ముందు ట్రాక్టరు వెనక లారీ ఉన్నప్పుడు కూడా ఇంజన్ని గోల పెట్టించకుండా, క్లచ్ కాల్చుకోకుండా మెల్లగా బయటికొచ్చేస్తాం. మన పనికి కావాల్సింది అదే, నూటికి పైన పరిగెత్తడం కాదు. ఎనభై దాటితే ఎలాగూ ఇంజన్ మోత క్యాబిన్లో మాటలు వినపడనివ్వదు, పక్కనున్న క్లీనర్‌తో సైగలే.

యోధా సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 2179 సీసీ, 100 హెచ్‌పీ, 250 ఎన్‌ఎం. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది, బొలెరోకి గేరు దించాల్సిన చోట అది అదే గేరులో పోతుంది. దోస్త్ ఇంజన్ చిన్నది, ఒకటిన్నర లీటరు, మూడు సిలిండర్లు, ఊరి చుట్టుపక్కల తిరిగేవాళ్లకు చాలు. అయినా నా ఓటు బొలెరోకే, ఎందుకంటే రాత్రి రెండింటికి చిత్తూరు దాటాక బండి ఆగితే దాని బానెట్ ఎత్తి చూసే మెకానిక్ దొరుకుతాడు, ఫ్యాన్ బెల్టో ఫిల్టరో పక్క ఊళ్లోనే ఉంటుంది, అమ్మబోతే కొనేవాడు రెడీగా ఉంటాడు. టమోటా రేటు గంట గంటకీ మారే వ్యాపారంలో యాభై ఎన్‌ఎం ఎక్కువుండటం కన్నా ఇదే ముఖ్యం. ఘాట్ రోడ్లలోనే బతికేవాళ్లు, అరకు, పాడేరు వైపు వాళ్లు మాత్రం యోధా నడిపి చూశాకే నిర్ణయించుకోండి.

మైలేజీ లోడుతో నాకు లీటరుకు పదకొండు, పన్నెండు మధ్య వస్తోంది, ఖాళీగా వస్తే పద్నాలుగు దాకా. తొక్కే కాలును బట్టి మారుతుంది. ఇక్కడో మాట, మొగిలి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేసి డీజిల్ మిగిలిందని సంబరపడే డ్రైవరన్నలు ఇంకా ఉన్నారు. అది పాత లెక్క అన్నా. డీజిల్ ఎంత పోయాలో కంప్యూటర్ చూసుకునే ఈ కామన్ రైల్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కంప్యూటరే డీజిల్ ఆపేస్తుంది, న్యూట్రల్‌లో పెడితేనే ఇంజన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ పోస్తుంది. పైగా బరువంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. రెండో గేరో మూడో గేరో వేసుకుని దిగండి.

ఇక అసలు తలనొప్పి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధన) డీజిల్ బండ్లకు, ఏ కంపెనీదైనా సరే, సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలో ఉండే మసి అందులో పేరుకుంటుంది, ఇంజన్ కాసేపు ఆగకుండా వేడిగా నడిస్తే సుమారు 600 డిగ్రీల దగ్గర ఆ మసి కాలిపోతుంది. హైవే మీద తిరిగేవాళ్లకు ఇదంతా జరుగుతున్నట్టే తెలియదు. ఊళ్లో రెండు కిలోమీటర్లు పోయి ఆపి, మళ్లీ కిలోమీటరు పోయి ఆపే వాటర్ క్యాన్లవాళ్లకు, గ్యాస్ సిలిండర్లవాళ్లకు మాత్రం మసి కాలే టైమే దొరకదు, డాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే బండి పికప్ చచ్చిపోతుంది. కాల్చడానికి అదనంగా కొట్టిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్లో కలిసి లెవెల్ కూడా పెరుగుతుంది. డిప్ స్టిక్ చూసి ఆయిల్ ఎక్కువుందిలే, మంచిదే అనుకోకండి, అది మార్చాల్సిన గుర్తు. ఆయిల్ కూడా డీపీఎఫ్ బండ్లకని రాసి ఉన్నదే పోయాలి, పాత బండికి పోసి మిగిలిన డబ్బా ఉంది కదా అని పోసేస్తే ఫిల్టర్ పూడుకుపోతుంది. లైటు వస్తే కంగారు లేదు, మాన్యువల్లో చెప్పినట్టు రోడ్డెక్కి ఆపకుండా ఓ ఇరవై ముప్పై నిమిషాలు ఒకే వేగంతో నడపండి, చాలాసార్లు అదే ఆరిపోతుంది. ఫిల్టర్ పీకేసి పైపు వేస్తామనేవాళ్ల మాట మాత్రం వినొద్దు, అది చట్టానికి విరుద్ధం, వారంటీ కూడా పోతుంది.

అందుకే ఊళ్లోనే తిరిగే బండి అయితే డీజిల్ జోలికే పోవద్దంటాను, సీఎన్‌జీ బంకు దగ్గర్లో ఉంటే అది చూడండి.

డీజిల్ ఎక్కడ కొట్టిస్తున్నారో కూడా చూసుకోండి. ఇప్పటి ఇంజెక్టర్లు నీళ్లు కలిసిన డీజిల్‌ను అస్సలు తట్టుకోవు, నాలుగూ మార్చాల్సి వస్తే సీజన్ లాభమంతా అక్కడే పోతుంది. ఫిల్టర్ కింద చేరిన నీళ్లు వదిలించడం ఐదు నిమిషాల పని.

సెకండ్ హ్యాండ్‌లో బీఎస్4 (బీఎస్6కు ముందు వచ్చిన) బొలెరో దొరికితే చాలామంది ఎగబడుతున్నారు, డీపీఎఫ్ గొడవ లేదని. ధర కూడా అలాగే చెబుతున్నారు. చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేసరికే ఇంజన్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకోవాలి, ఆయిల్ మూత తీసి చూస్తే పొగ దడదడ తన్నకూడదు, టర్బో పైపుల దగ్గర ఆయిల్ తడి ఉంటే ధర తగ్గించి అడగండి.