మూస్ మెటాక్లాస్‌లకు రోల్‌లు జోడించడం: పదేళ్ల వాడకం తరువాత

స్టీవన్ లిటిల్ పెర్ల్ ప్రోగ్రామింగ్ భాష కోసం 2006లో విడుదల చేసిన మూస్ అనే ఆబ్జెక్ట్ వ్యవస్థను నేను పదేళ్లకు పైగా ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాడుతున్నాను. ఇక్కడ రాస్తున్నది అందులోని ఒకే ఒక్క సదుపాయం గురించి: మూస్‌కు కొత్త గుణాలు చేర్చదలచినప్పుడు దాని మెటాక్లాస్‌లకు రోల్‌లు జోడించడం. రోల్ అంటే ఏ క్లాస్‌కైనా కలపగల మెథడ్‌ల (ఆబ్జెక్ట్ చేసే పనుల) కట్ట. పేరు వినగానే తెలుగువారికి మూస గుర్తుకు రావడం ఇక్కడ ఉపకరిస్తుంది. ఆబ్జెక్ట్‌కు క్లాస్ మూస అయితే, ఆ మూసను పోసే మూస మెటాక్లాస్.

మొదట్లో మేము మెటాక్లాస్ నుండి సబ్‌క్లాస్ (దాని గుణాలను వారసత్వంగా పొందే పిల్ల క్లాస్) తయారుచేసి పని జరుపుకొనేవాళ్లం. ఒక పొడిగింపు ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. లాగ్‌లలో ఖాతా నంబర్లను దాచే పొడిగింపు ఒకటి, కన్‌స్ట్రక్టర్‌కు (ఆబ్జెక్ట్‌ను తయారుచేసే మెథడ్‌కు) తెలియని పేర్లు ఇస్తే తిరస్కరించే పొడిగింపు మరొకటి ఒకే క్లాస్‌లో అవసరమైనప్పుడు, రెండూ తమ సబ్‌క్లాస్‌నే వాడాలని పట్టుబట్టాయి. అప్పుడు రోల్‌లకు మారాము. పొడిగింపు మాడ్యూల్‌లో మూస్ ఎక్స్‌పోర్టర్ అనే సహాయక మాడ్యూల్‌కు, క్లాస్‌కు ఏ రోల్, ఆట్రిబ్యూట్‌కు (ఆబ్జెక్ట్ దాచుకునే విలువకు) ఏ రోల్ అన్నది చెబితే చాలు. అప్పటికే ఉన్న మెటాక్లాస్ కింద పేరులేని సబ్‌క్లాస్ ఒకటి సృష్టించి, దానికి ఆ రోల్‌ను చేర్చే పని మూస్ చూసుకుంటుంది. తల్లి క్లాస్ ఒక పొడిగింపును, పిల్ల క్లాస్ మరొకదాన్ని వాడినా, తేడా రోల్‌లలో మాత్రమే ఉంటే రెంటినీ తానే కలుపుతుంది. ఈ ఒక్క కారణానికే నేను సబ్‌క్లాస్ పద్ధతికి తిరిగి వెళ్లలేదు.

అయితే చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మామూలు క్లాస్‌కు రెండు రోల్‌లను ఒకేసారి ఇచ్చినప్పుడు, రెంటిలో ఒకే పేరు గల మెథడ్ ఉంటే మూస్ వెంటనే అభ్యంతరం చెబుతుంది. వేర్వేరు పొడిగింపులు తెచ్చే రోల్‌లు మాత్రం ఒకదాని కింద ఒకటిగా వేరు పొరల్లో చేరతాయి కాబట్టి, తరువాత వచ్చినది ముందుదాన్ని చడీచప్పుడు లేకుండా కప్పేస్తుంది. అందుచేత మెటాక్లాస్ రోల్‌లో మెథడ్‌ను నేరుగా తిరగరాయకుండా పాత మెథడ్‌ను ఉంచి దాని చుట్టూ కోడ్ చేర్చే 'అరౌండ్' వంటి మాడిఫయర్‌లతోనే చుట్టాలన్నది మేము పెట్టుకున్న నియమం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధించినది కన్‌స్ట్రక్టర్. తెలియని పేర్లను తిరస్కరించేందుకు మెటాక్లాస్‌లో ఆబ్జెక్ట్‌ను సృష్టించే 'న్యూ ఆబ్జెక్ట్' మెథడ్‌ను మాత్రమే చుట్టి, పరీక్షలన్నీ గట్టెక్కాయని సంతోషించాను. కాని, క్లాస్ ఇక మారదని చెప్పే 'మేక్ ఇమ్యూటబుల్' పిలిచిన క్లాస్‌లకు మూస్ కన్‌స్ట్రక్టర్ కోడ్‌ను అక్కడికక్కడే అల్లి పెడుతుంది. ఆ కోడ్ నా మెథడ్ దరిదాపులకు కూడా రాదు. పరీక్షల్లోని చిన్న క్లాస్‌లలో ఎవరూ ఆ పిలుపు రాయలేదు, అసలు ప్రోగ్రామ్‌లో మాత్రం ప్రతి క్లాస్‌లోనూ ఉంది. ఫలితంగా తప్పు పేర్లతో వచ్చిన విలువలను మా కఠిన నిబంధన వారం రోజులపాటు ఆదరంగా లోపలికి పంపింది. పెర్ల్ మాడ్యూళ్ల భాండాగారమైన సీపాన్‌లో దొరికే, ఇదే పని చేసే మూస్‌ఎక్స్ స్ట్రిక్ట్ కన్‌స్ట్రక్టర్ మూల కోడ్‌ను చదివాకగాని, అది మామూలు దారిని, అల్లిన కోడ్ దారిని విడివిడిగా చుట్టిందని నాకు తెలియలేదు. ఇప్పుడు ప్రతి పరీక్షనూ ఆ పిలుపు ఉన్న, లేని రెండు స్థితుల్లోనూ నడుపుతాము.

పొడిగింపును క్లాస్‌లోనే కాక రోల్‌లోనూ వాడనివ్వాలంటే శ్రమ ఇంకాస్త పెరుగుతుంది. రోల్‌లోని ఆట్రిబ్యూట్ క్లాస్‌కు చేరేటప్పుడు కొత్త ఆట్రిబ్యూట్‌గా మారుతుంది గనుక, దానికి 'అప్లైడ్ ఆట్రిబ్యూట్' అనే వేరే స్థానంలో రోల్‌ను ప్రకటించాలి. నాలుగైదు ఆట్రిబ్యూట్‌లకే మార్పు అవసరమైతే ఇంత తతంగం అనవసరం. ఆ ఆట్రిబ్యూట్‌ల దగ్గరే 'ట్రెయిట్స్' అని రాసి రోల్ పేరు ఇస్తే పని తీరుతుంది.

లోపాల సందేశాల్లో అసలు మెటాక్లాస్ పేరుకు బదులు వరుస సంఖ్యతో కూడిన అనామక పేరు కనిపించడం ఇప్పటికీ చికాకే. ప్రోగ్రామ్ మొదలయ్యే సమయం పెరగడం చిన్న స్క్రిప్ట్‌లలో బాగా తెలుస్తుంది కాబట్టి, వాటిని మూ అనే తేలికైన మాడ్యూల్‌కు మార్చాము. 2023లో పెర్ల్ 5.38తో భాషలోకే ప్రయోగాత్మకంగా వచ్చిన క్లాస్ సదుపాయంలో ఈ విధంగా మెటాక్లాస్‌ను పొడిగించే వీలు లేదు. అందువల్ల బిల్లింగ్ భాగం మూస్ మీదే నడుస్తోంది.