స్కాట్లండు తాత జాడకు పారిష్ రిజిస్టరా, కంపెనీ వీలునామానా?

సికింద్రాబాదు, గుంతకల్లు ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వాళ్లు నన్ను మాటిమాటికీ అడిగే ప్రశ్న ఇది: "మా తాతగారి ముత్తాత ఈస్టిండియా కంపెనీ కొలువుకొచ్చిన స్కాట్లండు మనిషట. ఆయన జాడ అక్కడ వెతకాలా, ఇక్కడా?"

అందరి చూపూ ముందు స్కాట్లండ్స్‌పీపుల్ వెబ్‌సైటు మీదే పడుతుంది. 1553 నుంచి 1854 దాకా చర్చి రిజిస్టర్లు, 1855 నుంచి సర్కారు రిజిస్టర్లు అందులో ఉన్నాయి. పెళ్లయినా ఆడవాళ్ల పుట్టింటి పేరు అక్కడి రికార్డుల్లో చెరగదు. అది నాకు ఎంతో నచ్చే విషయం. చిక్కల్లా పేర్లతోనే. మనలాగే వాళ్లూ పెద్దకొడుక్కి తాత పేరు పెడతారు. ఒక్క పారిష్‌లోనే, అంటే ఒక చర్చి పరిధిలోనే, నలుగురు జాన్ క్యాంప్‌బెల్‌లు కనిపిస్తారు. ఊరు తెలియకుండా దిగితే ఎవరి తాతనో మన తాత అనుకుంటాం.

అందుకే నా మొగ్గు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల వైపు. మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు 1698 నుంచి అక్కడున్నాయి. అయితే తల్లి ఈ దేశపు మనిషైతే బాప్తిస్మం రిజిస్టరులో చాలాసార్లు ఆమె పేరే ఉండదు. ఆ రికార్డుల్లోనే ఉన్న కంపెనీవాళ్ల వీలునామాల్లో అలా కుదరదు. డబ్బు ఎవరికి ముట్టాలో తేలాలి కదా! నేను చదివిన ఒకదాంట్లో గుమాస్తా గుండ్రటి దస్తూరీతో ఆమెకు నెలకిన్ని వరహాలని రాశాడు. దాని కిందే స్కాట్లండులోని అక్కకు కొంత సొమ్ము, ఆ అక్క ఊరి పేరుతో సహా. ఆ పేజీ చూసి చాలాసేపు కదల్లేకపోయాను. మన పేర్లను వాళ్లు చెవికి తోచినట్టు రాశారు, మంగమ్మ 'ముంగమా' కావచ్చు. పైకి చదివితే తెలిసిపోతుంది.

మామూలు సిపాయిలు చాలామంది వీలునామా రాయలేదు. అప్పుడు సైనికుల రిజిస్టర్లు చూడాలి, పుట్టిన పారిష్ వాటిలో దొరకొచ్చు. ఆఫీసరైతే క్యాడెట్‌గా చేరినప్పటి కాగితాల్లో బాప్తిస్మ పత్రం ఉంటుంది.

సమాధి రాళ్లు తేదీకి పనికొస్తాయి. డీఎన్ఏ పరీక్ష చుట్టరికం చెబుతుంది, పేరు చెప్పదు.

బ్రిటిష్ ఇండియా కుటుంబాల వివరాలు పోగుచేసే ఫిబిస్ సంస్థ సూచికల్లో ఉచితంగా వెతకొచ్చు. ముందు అక్కడ ఇంటిపేరు కొట్టి చూడండి. పారిష్ పేరు చేతికొచ్చాకే స్కాట్లండ్స్‌పీపుల్‌కు డబ్బు కట్టండి.