చెక్క మీదకు ఫొటోలు: జెల్ మీడియంతో నాలుగేళ్లు

పాత ఫొటోలను చెక్క పలకల మీదకు దింపడానికి అక్రిలిక్ జెల్ మీడియం (అక్రిలిక్ రంగుల్లో కలిపే, జిగురులా అంటుకునే చిక్కటి పదార్థం) వాడుతూ నాలుగేళ్లు దాటింది. ముప్పై పలకల దాకా చేశాను. ఇప్పుడు ఎవరడిగినా మొదట చెప్పేది ఒకటే: జెల్ ఏ కంపెనీదని చూసేముందు ప్రింటు ఏదో చూసుకోండి.

నా మొదటి రెండు పలకలూ అక్కడే పాడయ్యాయి. ద్రవ ఇంకుతో ముద్రించే ఇంక్‌జెట్ ప్రింటు అంటించాను. తడి తగలగానే రంగులు పాకిపోయి అమ్మమ్మ ముఖం గుర్తుపట్టలేకుండా అయింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. అసలు ఫొటో వాడకుండా స్కాన్ చేసి ఉంచుకోవడం వల్ల మళ్లీ చేయగలిగాను. అది 2 అంగుళాల చిన్న ఫొటో. 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే 8 అంగుళాలకు పెంచినా స్పష్టంగా వచ్చింది.

అందుకే ఇప్పుడు లేజర్ ప్రింటు వాడతాను. అందులో ఉండేది టోనర్, అంటే వేడికి కరిగి కాగితానికి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి. అది నీళ్లకు చెదరదు. చెక్కకు జెల్ పూసి, ప్రింటును బోర్లా వేసి, గాలి బుడగలు లేకుండా నొక్కి, రాత్రంతా ఆరనివ్వాలి. పొద్దున కాగితం తడిపి వేలితో మెల్లగా రుద్దితే కాగితం ఊడొస్తుంది, బొమ్మ చెక్క మీద ఉండిపోతుంది. కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి ముద్రించేముందే బొమ్మను అద్దంలో కనబడినట్టు తిప్పుకోవాలి.

రుద్దడం దగ్గరే ఓపిక కావాలి. శుభ్రంగా వచ్చిందనుకుంటాం, ఆరాక మిగిలిన కాగితపు పీచు మళ్లీ తెల్లటి పొరలా తేలుతుంది. నేను మూడుసార్లు, మధ్యలో ఆరనిస్తూ చేస్తాను. కళ్లు, పెదవుల దగ్గర తొందరపడితే టోనరూ లేచిపోతుంది, దాన్ని మళ్లీ అతికించలేం. మిగిలిన కొద్దిపాటి తెలుపు పైన వార్నిష్ పూయగానే కనిపించకుండా పోతుంది.

ఇంకో సంగతి. ప్రింటరు తెల్లరంగు వేయదు, తెలుపున్న చోటల్లా చెక్క రంగే కనబడుతుంది. అమ్మమ్మ నెరిసిన జుట్టు గోధుమరంగులోకి మారింది! అప్పటి నుంచి ముందుగా పలకకు తెల్ల అక్రిలిక్ పెయింటు ఒక పూత వేస్తున్నాను.

మన్నిక బాగుంది, పొరలు లేవలేదు. ఎండ పడే గోడకు తగిలించిన కలర్ పలక మాత్రం రెండేళ్లలో వెలిసిపోయింది. దాని పక్కనే ఉన్న అమ్మమ్మ బ్లాక్ అండ్ వైట్ పలక ఇప్పటికీ అంతే నల్లగా, అంతే స్పష్టంగా ఉంది.