బ్లేడా, అల్ట్రాసౌండా? షుగర్ పుండుకు ఏది మేలు?

"యంత్రంతో నొప్పి లేకుండా శుభ్రం చేస్తారట కదా, మళ్లీ ఆ బ్లేడు ఎందుకండీ?"

షుగర్ వల్ల అరికాలికి పుండు పడి నా దగ్గరకు వచ్చేవారిలో ఈ ప్రశ్న అడగనివారు ఈ మధ్య అరుదు. వారిని వెంటబెట్టుకొచ్చిన పిల్లలైతే మరీను. నిలబడి రెండు ముక్కల్లో చెబితే ఎవరికీ తృప్తి కలగడం లేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. కాలికి రక్తం అందుతోందో లేదో చూసే డాప్లర్ కూడా అల్ట్రాసౌండే, కానీ అది చూడటానికి మాత్రమే. దాని తరంగాలు మెగాహెర్ట్జ్‌లలో ఉంటాయి. పుండు శుభ్రం చేసే యంత్రాలు సాధారణంగా 20 నుంచి 60 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. "అల్ట్రాసౌండ్ అయిపోయింది కదా, పుండు ఇంకా మానలేదేం?" అని డాప్లర్ కాగితం చూపించి అడిగినవారూ ఉన్నారు.

ఈ యంత్రాలు రెండు రకాలు. ఒకదానిలో సెలైన్ ధారగా కారుతుండగా లోహపు మొనను పుండుకు ఆనిస్తారు. ఆ కంపనానికి ద్రవంలో సూక్ష్మమైన బుడగలు పుట్టి చిట్లుతాయి. పుండుకు అంటుకున్న పసుపు పొరా, సూక్ష్మజీవులు అల్లుకున్న జిగట పొరా ఆ తాకిడికి వదులై కొట్టుకుపోతాయి. సాగే గుణమున్న మంచి కండ చాలావరకు తట్టుకుంటుంది. రెండో రకంలో మొన పుండును తాకదు. 40 కిలోహెర్ట్జ్ తరంగాలు సెలైన్‌ను మంచు తుంపరలా చేసి పుండు మీద చల్లుతాయి. ఇది శుభ్రం చేయడం కంటే మానే ప్రక్రియను ప్రేరేపించడానికి ఉద్దేశించినది. దట్టమైన పొర దీనికి కదలదు. ఇక బ్లేడు సంగతి అందరికీ తెలిసిందే.

బ్లేడునూ యంత్రాన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు అందరూ పుండు మధ్యలోకి చూస్తారు. నేను అంచు చూస్తాను. స్పర్శ పోయిన పాదం ఒకేచోట బరువు మోపుతూ నడిస్తే అక్కడి చర్మం ఆనెకట్టి, పుండు చుట్టూ గట్టి గట్టులా పేరుకుంటుంది. చెప్పులో ఇరుక్కున్న గులకరాయి లాంటిదే ఇదీ. అడుగు వేసిన ప్రతిసారీ కింది కండను నలుపుతుంది, కాకపోతే ఆ మనిషికి తెలియదు. 1992లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆనెను తీసివేయగానే ఆ చోట గరిష్ఠ ఒత్తిడి సుమారు నాలుగో వంతు తగ్గింది. మందు లేదు, యంత్రం లేదు, చచ్చిన చర్మాన్ని చెక్కారంతే. పైగా ఆ గట్టు కింద పుండు బొరియలా లోపలికి పాకి ఉండటం మామూలే. అంచు తీసేదాకా అసలు పుండు ఎంతో తెలియదు, చీము దాగిందో లేదో తెలియదు, సలాక పెట్టి చూస్తే ఎముక తగులుతుందో లేదో కూడా తెలియదు. తడిగా, మెత్తగా ఉన్న పొర అల్ట్రాసౌండ్‌కు లొంగుతుంది. ఎండి గట్టిపడిన ఆనెను అలా తీయలేము. నా లెక్కలో తీర్పు ఇక్కడే తేలిపోయింది.

మరి నొప్పి? యంత్రం వైపు మొగ్గేవారు ముందుగా చెప్పే మాట ఇదే. ఆలోచించి చూడండి, ఆ పుండు అసలు పడిందే నొప్పి తెలియక. నరాలు చచ్చుబడిన పాదంలో ఆనె చెక్కుతుంటే ఎక్కువమంది హాయిగా మాట్లాడుతూనే ఉంటారు. రక్తం చూసి భయపడేది పక్కనున్నవాళ్లే. ముట్టుకుంటే ప్రాణం పోయినంత నొప్పి ఉన్న పుండైతే రక్తప్రసరణ తగ్గిందేమోనని అనుమానించాలి. అక్కడ కాలివేలి దగ్గర రక్తపోటు 30 మిల్లీమీటర్ల కంటే తక్కువగా ఉంటే, ముందు రక్తనాళాల వైద్యుడికి చూపించాలి. బ్లేడా, తరంగాలా అనే చర్చ ఆ తరువాతే.

పరీక్షల ఫలితాలు ఏమంటున్నాయి? తుంపర పద్ధతి మీద 2005లో వచ్చిన అధ్యయనాన్ని ఎక్కువగా ఉదహరిస్తారు. 12 వారాలకు ఈ చికిత్స పొందినవారిలో 40.7 శాతం మందికి, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 14.3 శాతం మందికి పుండ్లు మానాయి. వినడానికి బాగుంది. కానీ ఆ అధ్యయనంలో చేరినవారు 133 మంది, ఈ లెక్కలోకి వచ్చినవారు 55 మంది. చేరినవారందరినీ కలిపి లెక్కిస్తే ఆ తేడా దాదాపు కరిగిపోయింది. మధుమేహ పాదాల మీద మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ బృందం ఐడబ్ల్యూజీడీఎఫ్ కూడా 2023లో బ్లేడునే ముందుంచింది. దాని స్థానంలో అల్ట్రాసౌండ్ వాడవద్దని సూచించింది.

అలాగని యంత్రాన్ని తీసిపారేయను. రక్తం పలచబడే మందులు వాడుతూ చిన్న గాటుకే చాలాసేపు రక్తం కారేవారికి, గుంటలు గుంటలుగా ఉండి బ్లేడు సరిగా ఆనని పుండుకు, లాగితే మంచి కండ కూడా ఊడివచ్చేంత జిగటగా పొర పట్టినప్పుడు అది నిజంగా పనికొస్తుంది. అయితే మొన ఆనించే పద్ధతిలో గదిలోకి సూక్ష్మజీవులతో కూడిన తుంపర లేస్తుంది. మాస్కు, కంటి అద్దాలు, విడి గది లేకుండా చేసేచోట ఒప్పుకోవద్దు.

జెల్‌లు, ఎంజైమ్ లేపనాలు నెమ్మదిగా పనిచేస్తాయి. బ్లేడు పట్టే చెయ్యి అందుబాటులో లేనప్పుడు గతి అవే. పురుగుల చికిత్స ఉంది, చచ్చిన కండను చక్కగా తింటాయి. ఆనె జోలికి అవీ పోవు.

ఏది చేయించుకున్నా పాదం మీద బరువు తగ్గకపోతే గట్టు మళ్లీ కడుతుంది. 2001 నాటి ఒక పరీక్షలో పాదానికీ కాలికీ అతుక్కునేలా వేసే, విప్పడానికి వీల్లేని గట్టి పూర్తి కట్టు వేసుకున్నవారిలో 89.5 శాతం మందికి 12 వారాల్లో పుండు మానింది. విప్పుకోగలిగే బూటు వాడినవారిలో అది 65 శాతమే. కారణం ఊహించవచ్చు, ఇంటికి వెళ్లగానే విప్పేస్తారు. యంత్రం కోసం వారం వారం ఓపిగ్గా వచ్చి, తిరిగి అదే చెప్పులో పాదం దూర్చి వెళ్లేవారిని చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేస్తాను. వాళ్లు నవ్వేస్తారు.

రెండూ ఉన్నచోట రెండూ చేయించుకోవచ్చా అంటే, నిరభ్యంతరంగా. ముందు బ్లేడుతో అంచు తీయించండి, తరువాత మధ్యలో మిగిలిన పొరకు యంత్రం. నాలుగు వారాలకోసారి పుండు పొడవు వెడల్పులు రాయించుకోండి. విస్తీర్ణం సగానికి రాకపోతే చికిత్స మార్చమని అడగండి.