అసిస్ట్ వెబ్‌సైటు: ఇంజనీరింగ్ ట్రాన్స్‌ఫర్‌కు ఎంతవరకు ఆధారపడవచ్చు?

కాలిఫోర్నియాలో రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, మూడో ఏట యూనివర్సిటీ ఇంజనీరింగ్‌లో చేరాలనుకునేవారికి ప్రభుత్వ విద్యాసంస్థలు ఉమ్మడిగా, ఉచితంగా అందిస్తున్న సేవ అసిస్ట్ డాట్ ఆర్గ్. మన దగ్గర పాలిటెక్నిక్ పూర్తిచేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో సంవత్సరంలో చేరే పద్ధతి తెలిసినవారికి ఇది మరీ కొత్తగా అనిపించదు. అయితే కాలిఫోర్నియాలో ఉమ్మడి ప్రవేశ పరీక్ష, ర్యాంకు ఉండవు. ఏయే కోర్సులు ఏ గ్రేడుతో పూర్తిచేశారన్నదే ముఖ్యం. మా అన్నయ్య కూతురికి కాలేజీ, కోర్సులు ఎంపిక చేసే సందర్భంలో ఈ వెబ్‌సైటును క్షుణ్ణంగా వాడి చూశాను. అయిదు నక్షత్రాల్లో నాలుగు ఇస్తాను. అయిదోది ఎందుకు ఇవ్వలేదో కిందివి చదివితే తెలుస్తుంది.

విద్యా సంవత్సరం, కాలేజీ, యూనివర్సిటీ, మేజర్ (ప్రధానంగా చదివే శాఖ) ఎంచుకోగానే ఒక పట్టిక తెరుచుకుంటుంది. ఎడమవైపు యూనివర్సిటీ అడిగే కోర్సు, కుడివైపు దానికి సమానమైన కాలేజీ కోర్సు ఉంటాయి. ఈ పట్టికను తొందరపడకుండా చదవాలి. ఉదాహరణకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా బర్క్‌లీ క్యాంపస్‌లో లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కలిపి మ్యాథ్ 54 అనే ఒకే కోర్సుగా బోధిస్తారు; కుపర్టినోలోని డి అంజా కాలేజీలో అవి 2ఏ, 2బీ అని రెండు కోర్సులు. కుడివైపు ఆ రెండింటి మధ్య కనిపించే ‘అండ్’ అన్న చిన్న మాటను గమనించక ఒక్కటే చదివి ఊరుకుంటే, అటు యూనివర్సిటీ లెక్కలో ఆ కోర్సు పూర్తయినట్టు కాదు. కుడివైపు ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని ఉంటే, యూనివర్సిటీ అడిగే ఆ కోర్సుకు ఆ కాలేజీలో సమానమైనది లేదన్నమాట. ఒకే మేజర్‌కు పక్కపక్క ఊళ్లలోని రెండు కాలేజీల పట్టికలు తెరిచి, ఈ ఖాళీలు ఎక్కడ తక్కువగా ఉన్నాయో చూడడం కాలేజీ ఎంపికకు మంచి పద్ధతి. ఇంటికి దగ్గరగా ఉందన్న కారణం దాని తరువాతే రావాలి.

ఈ వెబ్‌సైటు చెప్పనిది వరుసక్రమం. ఏ కోర్సు దేనికి సమానమో చెబుతుందే గాని, దాన్ని ఎప్పుడు చదవాలో చెప్పదు. ఇంజనీరింగ్‌లో అసలు చిక్కు అక్కడే ఉంది. క్యాలిక్యులస్ మొదలుకానిదే ఇంజనీర్లకు ఉద్దేశించిన ఫిజిక్స్‌లో అడుగుపెట్టనివ్వరు. మెకానిక్స్ లేనిదే స్టాటిక్స్, విద్యుదయస్కాంతత్వం లేనిదే సర్క్యూట్స్ కుదరవు. ప్రీక్యాలిక్యులస్ దగ్గర మొదలుపెట్టే విద్యార్థికి ఈ గొలుసు మొత్తం వెనక్కి జరుగుతుంది. పైగా చిన్న కాలేజీల్లో స్టాటిక్స్, సర్క్యూట్స్ వంటివి ఏడాదికొకసారే నడిపే సందర్భాలున్నాయి. మా అన్నయ్య కూతురికి ఒక కాలేజీ కౌన్సెలర్ వేసిచ్చిన ప్రణాళికలో మొదటి సెమిస్టర్ అంతా చరిత్ర, ఇంగ్లీషు, సైకాలజీలే. కాగితం మీద ఎంతో పొందికగా కనిపించిన ఆ ప్రణాళికను అనుసరిస్తే, యూనివర్సిటీకి దరఖాస్తు చేసే ఏడాదికి గాని ఫిజిక్స్ మొదలయ్యేది కాదు. ఏ మేజర్‌వారైనా చదవాల్సిన జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల సమూహాన్ని, అంటే 2025 నుంచి ఐజెట్సీ స్థానంలో వచ్చిన కాల్-జెట్సీని, ముందుగా ముగించడం ఇతర మేజర్లకు మేలు చేయవచ్చు. ఇంజనీరింగ్‌కు మాత్రం గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్ ముందు పూర్తికావాలి.

ఇక ట్యాగ్ అని పిలిచే ప్రవేశ హామీ. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఈ హామీ ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ (యూసీఎల్ఏ), శాన్ డియేగో ఇవ్వవు. విద్యార్థి ఒక్క క్యాంపస్‌నే ఎంచుకుని సెప్టెంబరులో దరఖాస్తు చేయాలి. శాంటా బార్బరా ఇంజనీరింగ్ కాలేజీ ఈ హామీ పరిధిలో లేదు. తక్కిన చోట్ల కూడా మేజర్‌ను బట్టి జీపీఏ (సగటు గ్రేడు), కోర్సుల షరతులు వేరు కాబట్టి, క్యాంపస్ పేరు చూసి నిశ్చింతగా ఉండకుండా ఆ మేజర్ షరతులను విడిగా చదవాలి. అసిస్ట్ పట్టికలో కోర్సులన్నీ సరిపోయినంత మాత్రాన సీటు వచ్చినట్టు కూడా కాదు.

ఖర్చు విషయంలో వాదించడానికేమీ లేదు: రాష్ట్ర నివాసికి సెమిస్టర్ యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని కొలిచే క్రెడిట్‌కు) 46 డాలర్లు, అంటే 30 యూనిట్లకు 1,380. పుస్తకాలు, చిల్లర రుసుములు అదనం. కమ్యూనిటీ కాలేజీ అనగానే మొహం చిట్లించే మన బంధువర్గం ఈ అంకెను యూనివర్సిటీ ఫీజు పక్కన పెట్టి ఒకసారి చూడవచ్చు.

స్టాన్‌ఫర్డ్, యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) అనే ప్రైవేటు సంస్థల వివరాలు అసిస్ట్‌లో ఉండవు. వాటి కోసం ఆయా సంస్థల సైట్లనే చూడాలి. పట్టికలు ఏటా మారుతుంటాయి గనుక, కోర్సు చదివిన సంవత్సరపు పట్టికనే తెరిచి, పీడీఎఫ్‌గా దాచుకోవడం మంచిది.